ఒకే పేరు, ఒకే యూనిట్, రెండు అర్థాలు: ప్రయోగశాల అప్లికేషన్లలో మెటాడేటా రిజిస్ట్రీ

వేర్వేరు రోగనిర్ధారణ ప్రయోగశాలల నుంచి వచ్చే పరీక్షా ఫలితాలను ఒక్కచోట చేర్చి, రోగి వారీగా, కాలక్రమంలో వైద్యులకు చూపించే ఒక సాఫ్ట్‌వేర్ వ్యవస్థలో డేటా మోడళ్ల బాధ్యత మా బృందానిది. అందులో రోగుల నమోదు, శాంపిళ్ల సేకరణ, పరీక్షా యంత్రాల నుంచి ఫలితాల స్వీకరణ, వైద్యుల రిపోర్టులు, గణాంక నివేదికలు అన్నీ విడివిడి అప్లికేషన్లు. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో ఒక్కో బృందం తయారుచేసినది. వాటి మధ్య సమాచార మార్పిడి సాంకేతికంగా సాఫీగానే సాగేది. సందేశాలు వెళ్ళేవి, చేరేవి, డేటాబేస్‌లో నిలిచేవి, ఎక్కడా ఎర్రర్ నమోదయ్యేది కాదు. అయినా ఒక అప్లికేషన్‌లో ఒక అర్థంతో పుట్టిన విలువ మరో అప్లికేషన్‌లోకి వేరే అర్థంతో చేరుతోందని తేలిన తర్వాతే మెటాడేటా రిజిస్ట్రీ, అంటే ప్రతి డేటా అంశం అర్థాన్నీ, రాసే తీరునూ నమోదు చేసి ఉంచే వ్యవస్థ, పని మొదలైంది.

సమస్య బయటపడిన తీరు

మూత్రపిండాల పనితీరును చూపే గ్రాఫులో ఒక రోగి యూరియా విలువ రెండు పరీక్షల మధ్య సగానికి పైగా పడిపోయినట్లు కనిపించింది. చికిత్సలో మార్పేమీ లేదు. అదే కాలంలో మూత్రపిండాల పనితీరుకే మరో కొలమానమైన క్రియాటినిన్ విలువ దాదాపు కదలలేదు. వైద్యురాలికి అనుమానం వచ్చి అడిగారు. వెనక్కి వెళ్ళి చూస్తే, మొదటి ఫలితం పంపిన ప్రయోగశాల సీరంలోని యూరియాను తెలియజేసిందనీ, రెండవ ప్రయోగశాల ఆ యూరియాలోని నైట్రోజన్ భాగాన్ని మాత్రమే, అంటే బ్లడ్ యూరియా నైట్రోజన్‌ను తెలియజేసిందనీ తేలింది. యూరియా అణుభారం సుమారు 60. అందులోని రెండు నైట్రోజన్ పరమాణువుల భారం 28. కాబట్టి ఒకే శాంపిల్‌లో యూరియా డెసిలీటరుకు 30 మిల్లీగ్రాములుంటే యూరియా నైట్రోజన్ డెసిలీటరుకు 14 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండింటి నిష్పత్తి 2.14.

రెండు ప్రయోగశాలలూ తమ ఫీల్డుకు పెట్టుకున్న పేరు యూరియానే. రెండింటి యూనిట్ డెసిలీటరుకు మిల్లీగ్రాములే, డేటా రకం దశాంశ సంఖ్యే. 14, 30 రెండూ స్వీకరణ అప్లికేషన్ విధించిన కనిష్ఠ, గరిష్ఠ హద్దుల లోపలివే. సాఫ్ట్‌వేర్ చేయగలిగిన తనిఖీలన్నీ ఈ రెండు విలువలూ దాటాయి, ఎందుకంటే తేడా ఉన్న చోటును ఏ తనిఖీ కూడా చూడటం లేదు.

అప్పటికే మా సందేశాల వ్యవస్థలో ఒక స్కీమా రిజిస్ట్రీ, అంటే సందేశాల నిర్మాణ వివరాలను (స్కీమాలను) భద్రపరిచే సేవ, పనిచేస్తోంది. అప్లికేషన్ల మధ్య సందేశాలు చేరవేసే కాఫ్కా సాఫ్ట్‌వేర్‌తో కలిపి విరివిగా వాడే పద్ధతిలో, ప్రతి సందేశం మొదట ఒక బైటు, ఆ వెంట నాలుగు బైట్లలో స్కీమా సంఖ్య ఉంటాయి. చదివే అప్లికేషన్ ఆ సంఖ్యతో రిజిస్ట్రీని అడిగి సందేశపు నిర్మాణాన్ని తెలుసుకుంటుంది. కొత్త స్కీమా వచ్చినప్పుడు అది పాతదానితో పొసగుతుందో లేదో కూడా రిజిస్ట్రీయే పరీక్షిస్తుంది. డిఫాల్ట్ విలువ లేకుండా కొత్త ఫీల్డు చేర్చితే, దాంతో పాత సందేశాలను చదవలేమని అడ్డుకుంటుంది. ఇది చాలా ఉపయోగకరమైన పని, దాన్ని మేము ఇప్పటికీ అలాగే కొనసాగిస్తున్నాము. కానీ స్కీమా రిజిస్ట్రీకి తెలిసింది ఫీల్డు ఆకృతి మాత్రమే. యూరియా అనే దశాంశ సంఖ్య స్థానంలో యూరియా అనే మరో దశాంశ సంఖ్య వస్తే దాని దృష్టిలో అసలు మార్పే జరగలేదు. ఈ రెండు రకాల రిజిస్ట్రీలను ఒకటిగా భావించే అలవాటు డెవలపర్లలో బలంగా ఉన్నందున, మెటాడేటా రిజిస్ట్రీ ఎందుకు వేరే పనో మొదటే స్పష్టం చేయవలసి వచ్చింది.

ప్రతి బృందం దగ్గరా డేటా డిక్షనరీ పేరుతో ఒక స్ప్రెడ్‌షీట్ కూడా ఉండేది. వాటిని తెరిచి చూస్తే యూరియా ఎదురుగా "రోగి యూరియా విలువ" అని రాసి ఉంది. ఫీల్డు పేరును తిరిగి రాస్తే అది నిర్వచనం కాదు. మెటాడేటా రిజిస్ట్రీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 11179 తన నాలుగవ భాగాన్ని పూర్తిగా నిర్వచనాల రచనకే కేటాయించింది. నిర్వచనం ఆ భావన ఏమిటో చెప్పాలి, ఏది కాదో మాత్రమే చెప్పి వదిలేయకూడదు, ఇతర డేటా నిర్వచనాలను తనలో ఇముడ్చుకోకూడదు, తిరిగి తన దగ్గరికే వచ్చే చక్రంలో పడకూడదు అని ఆ భాగం చెబుతుంది. ఆ కొలబద్దతో చూస్తే స్ప్రెడ్‌షీట్లలో నిలబడిన వరుసలు కొద్దివే. అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. ఆ స్ప్రెడ్‌షీట్లను ఏ అప్లికేషనూ చదవదు. కోడ్ ఒక దారిన, డిక్షనరీ మరో దారిన పోతున్నా ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

భావనను, దాన్ని రాసే తీరును వేరుచేయడం

11179 ప్రమాణపు 2013 ప్రచురణలో మూడవ భాగం రిజిస్ట్రీలో ఏయే అంశాలు, ఏయే సంబంధాలతో ఉండాలో చెప్పే నమూనా. దాని సారాంశం ఇది: ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో అది ఆబ్జెక్ట్ క్లాస్, దాని ఏ లక్షణాన్ని చెబుతున్నామో అది ప్రాపర్టీ. ఈ రెండూ కలిస్తే డేటా ఎలిమెంట్ కాన్సెప్ట్. దాన్ని ఏ విలువలతో, ఏ రకంలో, ఏ యూనిట్‌లో రాస్తామో చెప్పేది విలువల పరిధి. కాన్సెప్ట్, విలువల పరిధి కలిసినప్పుడే డేటా ఎలిమెంట్ పూర్తవుతుంది. అప్లికేషన్ చేతికి వచ్చే ఫీల్డు సమానమయ్యేది ఈ చివరిదానితో. పేరు ఇందులో ఎక్కడా గుర్తింపుగా లేదు. ఒకే ఎలిమెంట్‌కు ఒక్కో సందర్భంలో ఒక్కో పేరు ఉండవచ్చు, గుర్తింపు సంఖ్య మాత్రం ఒక్కటే.

యూరియా విషయంలో మా చర్చ ఎక్కువసేపు సాగింది ఇక్కడే. యూరియాకు, యూరియా నైట్రోజన్‌కు మధ్య నిష్పత్తి ఎప్పుడూ ఒకటే కనుక, రెండింటినీ ఒకే కాన్సెప్ట్‌గా పెట్టి రెండు విలువల పరిధులు ఇస్తే సరిపోతుందని కొందరి వాదన. వినడానికి సరళంగానే ఉంది. కానీ అలా చేస్తే ఆ రెండు విలువల పరిధుల్లో డేటా రకం ఒకటే, యూనిట్ ఒకటే, దశాంశ స్థానాలూ ఒకటే అవుతాయి. వాటిని వేరుచేసే సంగతిని నమోదు చేయడానికి చోటే ఉండదు. అసలు తేడా కొలతను రాసే తీరులో లేదు, దేన్ని లెక్కిస్తున్నామన్నదానిలో ఉంది. అందువల్ల ప్రాపర్టీ స్థాయిలోనే రెండింటినీ విడదీసి, రెండు కాన్సెప్ట్‌లుగా నమోదు చేశాము. ప్రయోగశాల పరీక్షల గుర్తింపు కోసం 1994లో రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టిన లోయింక్ కోడ్ వ్యవస్థ కూడా ఇదే విభజన పాటిస్తుంది. సీరం లేదా ప్లాస్మాలో యూరియా నైట్రోజన్ ద్రవ్యరాశి గాఢతకు 3094-0, యూరియా ద్రవ్యరాశి గాఢతకు 3091-6, యూరియా మోలార్ గాఢతకు 22664-7 అని మూడు వేర్వేరు కోడ్‌లు ఉన్నాయి. మా మూడు డేటా ఎలిమెంట్‌లను ఈ మూడు కోడ్‌లకు జతచేశాము.

విడదీసిన వాటిని తిరిగి కలిపేది ఉత్పాదక నియమం. ఒక డేటా ఎలిమెంట్ నుంచి మరొకదాన్ని ఎలా లెక్కించాలో చెప్పే నియమాన్ని కూడా రిజిస్ట్రీలో నమోదు చేయడానికి ప్రమాణం చోటిచ్చింది. ఈ చోటు ఎంత అవసరమో యూనిట్ల మార్పిడి దగ్గర అర్థమైంది. రిపోర్టుల అప్లికేషన్‌లో డెసిలీటరుకు మిల్లీగ్రాముల నుంచి లీటరుకు మిల్లీమోల్స్‌కు మార్చే ఫంక్షన్ ఒకటి ఉండేది. దానికి ఇచ్చేది విలువ, రెండు యూనిట్ల పేర్లు మాత్రమే. లోపల 18తో భాగించేది. గ్లూకోజ్‌కు అది సరైన సంఖ్యే, ఎందుకంటే గ్లూకోజ్ అణుభారం సుమారు 180. అదే ఫంక్షన్‌కు యూరియాను ఇస్తే ఫలితం మూడు రెట్లు తగ్గిపోతుంది, యూరియాకు భాగించవలసింది సుమారు 6తో. క్రియాటినిన్‌కైతే డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే లీటరుకు 88.4 మైక్రోమోల్స్. ద్రవ్యరాశి నుంచి మోల్స్‌కు వెళ్ళే మార్పిడి పదార్థాన్ని బట్టి ఉంటుంది కనుక, యూనిట్ల జంటకు తగిలించిన ఏ ఫంక్షనూ దాన్ని సరిగా చేయలేదు. నియమాన్ని రెండు డేటా ఎలిమెంట్‌ల మధ్య సంబంధంగా రిజిస్ట్రీలో పెట్టి, అప్లికేషన్లలోని మార్పిడి ఫంక్షన్లను తొలగించాము. ఈ మొత్తం ప్రయత్నంలో అన్నింటికన్నా విలువైన మార్పు ఇదేనని నా అభిప్రాయం.

కోడ్ జాబితాల సంగతి ఇంతకన్నా తేలిక. రోగి లింగం కోసం ఐఎస్ఓ/ఐఈసీ 5218 ప్రమాణంలో 0 తెలియదు, 1 పురుషుడు, 2 స్త్రీ, 9 వర్తించదు అని ఉంటుంది. మా అప్లికేషన్లలో ఒకటి అక్షరాలు వాడేది, మరొకటి తెలియదు అనడానికి 9 రాసేది. మూత్రపిండాల వడపోత రేటును అంచనా వేసే సూత్రంలో లింగం ఒక చరరాశి కనుక ఈ పొరపాటు నేరుగా వైద్య ఫలితంలోకి వెళుతుంది. 11179 నమూనాలో విలువ వేరు, విలువ సూచించే అర్థం వేరు. ప్రతి అప్లికేషన్ తన కోడ్‌ను అర్థానికి ముడిపెడితే చాలు, ఒక కోడ్ నుంచి మరో కోడ్‌కు నేరుగా పట్టికలు రాయనక్కరలేదు.

అప్లికేషన్లు రిజిస్ట్రీని ఎలా చదువుతున్నాయి

రిజిస్ట్రీని మనుషులు వెతికి చదువుకునే వెబ్ పేజీగా మాత్రమే ఉంచితే అది కూడా స్ప్రెడ్‌షీట్ దారినే పోతుందని మొదటి నుంచీ మా నమ్మకం. అందుకే ఒక ఎలిమెంట్‌ను నమోదు చేయడం వల్ల ఏదైనా ఒక అప్లికేషన్ ప్రవర్తన మారాలి అన్న షరతు పెట్టుకున్నాము. ఎవరి ప్రవర్తననూ మార్చని వివరాన్ని రిజిస్ట్రీలో చేర్చలేదు.

మొదటి వాడకం కోడ్ తయారయ్యే సమయంలో. ప్రతి అప్లికేషన్ తన సందేశాల స్కీమాలో ప్రతి ఫీల్డు పక్కన రిజిస్ట్రీ గుర్తింపును ఒక అదనపు లక్షణంగా రాస్తుంది. బిల్డ్ జరుగుతున్నప్పుడు ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ గుర్తింపులను రిజిస్ట్రీతో పోల్చి చూస్తుంది. గుర్తింపు లేకపోయినా, డేటా రకం విలువల పరిధితో పొసగకపోయినా బిల్డ్ ఆగిపోతుంది. కోడ్ జాబితాలకు సంబంధించిన తరగతులు, ఫారాల్లోని ఎంపిక జాబితాలు ఇదే దశలో రిజిస్ట్రీ నుంచి వాటంతట అవే తయారవుతాయి. స్కీమా రిజిస్ట్రీ ఆకృతిని, మెటాడేటా రిజిస్ట్రీ అర్థాన్ని కాపాడుతూ, ఒకే స్కీమా ఫైలులో రెండూ కలుస్తాయి.

రెండవది ఫలితాలు వచ్చే ద్వారం. ప్రతి ప్రయోగశాల పంపే సొంత పరీక్షా కోడ్‌ను, ఆ ప్రయోగశాల గుర్తింపుతో కలిపి, ఒక డేటా ఎలిమెంట్‌కు ముడిపెట్టే పట్టికను రిజిస్ట్రీ అందిస్తుంది. డేటాబేస్‌లో విలువతో పాటు డేటా ఎలిమెంట్ గుర్తింపు, దాని వెర్షన్ కూడా నిలుస్తాయి. పట్టికలో లేని కోడ్ వస్తే ఏం చేయాలన్నది ఇంజనీర్లకు సులువైన ప్రశ్నే. తిరస్కరిస్తే వ్యవస్థ శుభ్రంగా ఉంటుంది. కానీ రిజిస్ట్రీ పని పూర్తికాలేదన్న కారణంతో ఒక రోగి ఫలితాన్ని వైద్యుడికి చేరకుండా ఆపడం ఆమోదయోగ్యం కాదు. అలాంటి ఫలితం ప్రయోగశాల రాసిన పేరుతో, యూనిట్‌తో యథాతథంగా విడి రిపోర్టుగా కనిపిస్తుంది. గ్రాఫులోకి, లెక్కల్లోకి మాత్రం వెళ్ళదు. ముడిపెట్టవలసిన వాటి వరుసలో చేరి, జీవరసాయన నిపుణుల నిర్ణయం కోసం నిలుస్తుంది. ఏ కోడ్ ఏ ఎలిమెంట్‌కు చెందుతుందో నిర్ణయించే అధికారం డేటా స్టీవార్డ్‌గా, అంటే డేటా అర్థాలకు బాధ్యులుగా, ఉన్న ఆ నిపుణులదే. ప్రోగ్రామర్ ప్రతిపాదించవచ్చు, ఆమోదించలేడు.

మూడవది గ్రాఫుల అప్లికేషన్. ఇప్పుడది రెండు బిందువులను ఒక గీతతో కలిపే ముందు ఒకే ప్రశ్న వేస్తుంది: ఈ రెండూ ఒకే డేటా ఎలిమెంటా, కాకపోతే ఒకదాని నుంచి మరొకదానికి ఆమోదం పొందిన ఉత్పాదక నియమం ఉందా? రెండింటికీ లేదన్నదే జవాబైతే గీత గీయదు. నియమంతో లెక్కించిన బిందువు గుర్తు వేరుగా ఉంటుంది, దానిపై నొక్కితే ప్రయోగశాల పంపిన అసలు విలువ, రిజిస్ట్రీలోని నిర్వచనం కనిపిస్తాయి. పేరు చూసి కలపడం అన్న పాత తర్కం ఇలా పూర్తిగా పోయింది.

ఇన్ని అప్లికేషన్లు ఒకే సేవపై ఆధారపడితే, అది ఆగినప్పుడు అన్నీ ఆగుతాయన్న భయం న్యాయమైనదే. దీనికి మేము ఇంటర్నెట్ ప్రమాణాల్లోని ఒక పాత రిజిస్ట్రీ నుంచి నేర్చుకున్నాము. వెబ్ పేజీల్లో భాషను సూచించే ట్యాగులకు మూలమైన ఉపట్యాగుల జాబితాను ఇంటర్నెట్‌లో వాడే సంఖ్యలు, కోడ్‌ల నమోదు చూసే అయానా సంస్థ నిర్వహిస్తుంది. దాన్ని ప్రోగ్రాములు ఒక ఫైలుగా తమతో ఉంచుకుని వాడతాయి, పేజీ తెరిచిన ప్రతిసారీ ఎవరూ అయానాను అడగరు. అందులో ఒకసారి నమోదైన ఉపట్యాగును తీసివేయరు. వాడవద్దని గుర్తు మాత్రమే పెడతారు. ఆ పద్ధతినే అనుసరించి, ప్రతి అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు రిజిస్ట్రీ ప్రతిని తనతో ఉంచుకుంటుంది, ఆపై వీలున్నప్పుడు మార్పులేమైనా ఉన్నాయా అని, తన దగ్గరున్న ప్రతిని సూచించే ఈట్యాగ్ అనే గుర్తుతో అడుగుతుంది. లేకపోతే, మార్పు లేదని చెప్పే 304 అనే చిన్న జవాబుతో పని ముగుస్తుంది. ఒక ఎలిమెంట్‌కు ఒక వెర్షన్ ప్రచురించిన తర్వాత దాని అర్థం ఎన్నటికీ మారదు కనుక, దాని స్థానిక ప్రతికి కాలదోషం పట్టే ప్రశ్నే లేదు. రిజిస్ట్రీ అందుబాటులో లేని సమయంలో కొత్త నమోదులు ఆగుతాయి గానీ ఫలితాలు ఆగవు.

వెర్షన్లు, నమోదు స్థితులు

మారదు అన్న ఆ నియమం వెనుక ఒక సంఘటన ఉంది. రిజిస్ట్రీకి పూర్వం, ఒక బృందం శాంపిల్ రకాల జాబితాలో వాడుక మానేసిన కోడ్‌ను కొత్త రకానికి కేటాయించింది. జాబితా చిన్నదిగా, చక్కగా ఉండాలన్నది వారి ఉద్దేశం. దానితో, డేటాబేస్‌లో ఒక్క పాత రికార్డును కూడా ముట్టుకోకుండానే వాటి అర్థం మారిపోయింది. గత కాలపు గణాంక నివేదికను మళ్ళీ తయారుచేస్తే అంకెలు కలవలేదు. ఇప్పుడు వాడుక మానేసిన విలువ తిరిగి ఉపయోగానికి వచ్చే దారిని రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్‌లోనే మూసివేశాము. ప్రమాణంలోని ఆరవ భాగం ప్రకారం గుర్తింపులో మూడు భాగాలుంటాయి: నమోదు చేసిన సంస్థ, ఆ సంస్థ ఇచ్చిన అంశపు సంఖ్య, వెర్షన్. అక్షరదోషం సవరించడం వంటి మార్పుకు వెర్షన్ మారదు, సవరణ చరిత్రలో నిలుస్తుంది. పాత రికార్డును చదివేవారి అవగాహనను మార్చే ఏ మార్పుకైనా కొత్త వెర్షన్ తప్పదు. దేన్ని కొలుస్తున్నామన్నదే మారితే కొత్త వెర్షన్ కూడా చాలదు, కొత్త ఎలిమెంట్ కావాలి.

నమోదు స్థితుల గురించి చాలా రిజిస్ట్రీలలో నాకు కనిపించే లోపం, అవి కేవలం అలంకారంగా మిగిలిపోవడం. ప్రమాణంలో అభ్యర్థి, నమోదైనది, అర్హత పొందినది, ప్రామాణికం, అభిలషణీయ ప్రామాణికం, స్థానభ్రంశం చెందినది, విశ్రాంతమైనది వంటి స్థితులు ఉన్నాయి. ఆస్ట్రేలియా ఆరోగ్య, సంక్షేమ సంస్థ నడిపే మెటియోర్ రిజిస్ట్రీలో ప్రతి అంశం పక్కన దాని స్థితి స్పష్టంగా కనిపిస్తుంది, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధన డేటా కోసం నడిపే రిజిస్ట్రీలోనూ అంతే. మేము వాటిలో కొన్నింటినే తీసుకుని ఒక్కొక్క స్థితికీ అప్లికేషన్ ప్రవర్తనను ముడిపెట్టాము. అభ్యర్థి స్థితిలోని ఎలిమెంట్‌ను పరీక్షా వాతావరణం చదువుతుంది, అసలు వ్యవస్థ బిల్డ్ మాత్రం దాన్ని అంగీకరించదు. అర్హత పొందిన తర్వాతే అక్కడికి వెళుతుంది. స్థానభ్రంశం చెందినదాన్ని వాడితే బిల్డ్ హెచ్చరిస్తుంది, దాని స్థానంలో వచ్చినది ఏదో చూపుతుంది. విశ్రాంతమైనదాన్ని చదవవచ్చు, కొత్తగా రాయకూడదు. దీని వల్ల డెవలపర్ల వేగం తగ్గుతుందన్న అభ్యంతరం వచ్చింది. అభ్యర్థి స్థితిని ఎవరి ఆమోదమూ లేకుండా వెంటనే పొందవచ్చు కనుక, కోడ్ రాయడం ఏనాడూ ఆగలేదు. స్టీవార్డ్ ఆమోదం అవసరమయ్యేది రోగుల డేటా తాకే ముందు మాత్రమే, అక్కడ ఆగడం సమంజసమే.

పాత రికార్డులు

కొత్తగా వచ్చే ఫలితాలన్నింటికీ ఇప్పుడు గుర్తింపు ఉంది. కష్టమైన భాగం అంతకుముందు చేరినవి. ప్రయోగశాలల పరీక్షా జాబితాల పాత ప్రతులు, పరీక్షా యంత్రాల అమరికల రికార్డులు దొరికిన చోట, ఏ కాలంలో ఏ ఎలిమెంట్‌ను పంపారో ఆధారంతో నిర్ణయించి గుర్తింపు చేర్చాము. ఆధారం దొరకని చోట, విలువల సగటును చూసి ఇది యూరియా, ఇది నైట్రోజన్ అని గుర్తించవచ్చని ఒక ప్రతిపాదన వచ్చింది. మొత్తం ప్రయోగశాల విషయంలో అది బహుశా సరైన జవాబే ఇస్తుంది. అయితే ఒక రోగి ఫలితానికి గణాంక ఊహను నిర్వచనంగా అంటించడానికి జీవరసాయన నిపుణులు ఒప్పుకోలేదు, నేనూ వారితో ఏకీభవించాను. అటువంటి వాటి కోసం "సీరంలో యూరియా లేదా యూరియా నైట్రోజన్, ఏదన్నది నిర్ధారణ కాలేదు" అనే ప్రత్యేక డేటా ఎలిమెంట్‌ను నమోదు చేశాము. దానికి ఏ ఉత్పాదక నియమమూ లేదు, కొత్త ఫలితాలు దానిలోకి రాయడానికి వీల్లేదు. గ్రాఫులో ఆ బిందువులు దేనితోనూ కలవకుండా విడిగా నిలుస్తాయి, వాటిపై నొక్కిన వైద్యులకు ఆ నిర్వచనమే కనిపిస్తుంది.

సాధారణ విలువల హద్దులను కూడా రిజిస్ట్రీలోకి తేవాలన్న కోరిక ఇటీవల వచ్చింది. ఆ హద్దులు పరీక్షా పద్ధతిని, యంత్రాన్ని, రోగి వయసును బట్టి మారతాయి కనుక అవి డేటా ఎలిమెంట్ నిర్వచనంలో భాగం కావని నిర్ణయించాము. ప్రయోగశాల పంపిన హద్దులు ఫలితంతోనే ప్రయాణిస్తాయి. హద్దు అనేదానికి ఒక డేటా ఎలిమెంట్‌ను మాత్రం రిజిస్ట్రీ ఇస్తుంది, దాని యూనిట్ ఫలితపు యూనిట్‌తో సరిపోలాలన్న నియమాన్ని స్వీకరణ అప్లికేషన్ అమలు చేస్తుంది.